మూడంగుళాల గడప

హలో… ఆ, నేనే. వదిన్నే. … నా ఫోను నేనెత్తక ఇంకెవరెత్తుతారు భాస్కర్?

… ఎక్కడిదాకా వచ్చావు? … ఇంకా కాకినాడ దాటలేదా? మరి పదకొండింటికల్లా వీడియోవాళ్ళు వచ్చేస్తారని పొద్దుటినుంచీ నన్ను కంగారుపెట్టేశావు!

… ఓహో. వాళ్ళు రాజమండ్రి నుంచి నేరుగా మన రామచంద్రపురం వచ్చేస్తారు, నువ్వు వెనకాల మెల్లిగా దిగుతావు. బాగుంది. ఇల్లు డిజైన్ చేసినాయన లేకుండానే ఇంటికి షూటింగు.

… చీరా? కట్టుకున్నాను. … లేదు, నువ్వు చెప్పింది కాదు. … ఎందుకంటే, ఆ లేతాకుపచ్చ చీర కట్టుకుని నీ లేతాకుపచ్చ అరమరల ముందు కూర్చుంటే నేను కనపడను బాబూ. తలకాయొక్కటే గాల్లో తేలుతున్నట్టుంటుంది. … ఎర్రది కట్టుకున్నాను. … మ్యాచ్ అవ్వకపోతే మానెయ్యనీ. అరమరకేం పెళ్ళిచూపులు కాదుగా.

… ఆ, వాట్సాప్‌లో పంపావు, చూశాను. కెమెరా ముందు నేను చెప్పాల్సిన మాట. "మా మరిది చేసిన ఈ వంటిల్లు నా కాళ్ళు నాకు తిరిగి ఇచ్చింది." … నవ్వట్లేదు. దగ్గొచ్చింది. … ఎవరు రాశారది, నువ్వేనా? … ఆఫీసులో అమ్మాయా! ఆ అమ్మాయిని ఒకసారి ఇటు పంపించు, నా కాళ్ళు ఎక్కడ దొరికాయో కనుక్కుంటాను. కాలవగట్టు మీద స్కూటీ జారి మూడేళ్ళయింది, ఏ డాక్టరుకీ దొరకలేదు.

… అబ్బే, వంటిల్లు బాగోలేదని ఎవరన్నారు? బాగుంది. గట్టు కిందకి దించావు, నా మోకాళ్ళు పట్టేలా దాని కింద ఖాళీ వదిలావు. పై అర పట్టుకుని లాగితే నా మొహం దాకా దిగొస్తోంది. సింకు లోతు తగ్గించావు. స్విచ్చులన్నీ నా చేతికందుతున్నాయి. ఇంతకన్నా బాగా ఎవరూ చెయ్యలేరు, ఆ మాట ఎవరి ముందైనా చెప్తాను.

… హాలూ బాగుంది. వీల్‌చైరు తిరగాలంటే అయిదడుగుల గుండ్రం ఖాళీ ఉండాలని సుద్దముక్కతో నేలమీద గీసి మరీ చూపించావు. ఎంత సంబరపడ్డానో. … మరి ఆ గుండ్రం నడిమధ్యలో ఆ ఇత్తడి బేసినేంటి? … ఉరుళి. సరే, ఉరుళి. నీళ్ళు పోసి చేమంతులు వేస్తే ఫోటోలో బాగుంటుంది, నిజమే. రోజూ పొద్దున్నే దానికి ప్రదక్షిణం చేసి బాత్‌రూముకి వెళ్తున్నాను. పుణ్యమైనా వస్తుందిలే.

… ఇప్పుడా? వంటింట్లో కాదు, హాల్లోనే ఉన్నాను. గడపకి ఇవతల. … ర్యాంపా? ఆ, బాగానే ఉంది నీ ర్యాంపు. నల్లరంగు, మడత పెట్టేది, తేలికది. దాన్ని దాచుకోడానికి ఫ్రిజ్ పక్కన సన్నటి అర కూడా కట్టావు, లోపలికి తోసేస్తే అక్కడ అలాంటిదొకటుందనే తెలీదు. … ఫ్రిజ్ ఎక్కడుంది నాన్నా? … వంటింట్లో. మరి నేనెక్కడున్నాను?

… ఆ. ఇప్పటికి వెలిగింది. వంటింట్లోకి వెళ్ళాల్సిన ర్యాంపుని తీసుకెళ్ళి వంటింట్లో దాచావు. నాకు గ్లాసుడు మంచినీళ్ళు కావాలంటే ఎవరో ఒకరు గడప దాటి వెళ్ళి, ఆ చెక్క తీసుకొచ్చి, ఇలా వేసి, "రా దుర్గా" అనాలి. అప్పుడు నేను రావాలి.

… హాల్లో పెట్టుకుంటే సరిపోతుందా? పెట్టుకున్నాను. కుర్చీలోంచి వంగి నేనే వేసుకున్నాను, వంకరగా పడింది, సగం ఎక్కాక జారింది. … లేదు, ఎవరికీ చెప్పలేదు. చెప్తే ముందు "నువ్వెందుకెళ్ళావ్" అంటారు.

… విను, ఎదురుచెప్పకు. నీ మొదటి డ్రాయింగులో గడప లేదు. హాలు, వంటిల్లు ఒకటే మట్టం. అది చూసే నేను సరేనన్నాను. తర్వాత వాస్తు చూడ్డానికి సిద్ధాంతిగారొచ్చారు. వంటింటికి గడప లేకపోతే అన్నపూర్ణ నిలవదన్నారు మీ అమ్మగారు. "అలాగేనమ్మా" అన్నావు నువ్వు. "మూడంగుళాలేగా" అన్నారు మీ అన్నయ్య. ముగ్గురూ నిలబడి మాట్లాడుకున్నారు. నేను వద్దంటూనే ఉన్నాను. నిలబడ్డవాళ్ళకి వినపడలేదు. పైగా టేకు గడప, నగిషీ కూడానూ!

పాలు పొంగించిన రోజున వంటింటి నిండా జనం, ర్యాంపు వెయ్యడానికి చోటే లేదు. హాల్లో కూర్చుని "పొంగాయా?" అని అడిగాను. పొంగాయన్నారు. నమ్మాను.

… ఏ చప్పుడు? … ఆ, అదా. మిక్సీ కాదు, కోతమిషను. వీరబాబొచ్చాడు. … ఏ వీరబాబేంటి, నీ దగ్గర పనిచేసే వడ్రంగి వీరబాబే. ఆ గడప పెట్టినవాడే. … నేనే పిలిచాను, ఎనిమిదింటికి ఫోన్ చేసి. … గడప కొయ్యడానికి.

… అరవకు, చెవి దగ్గరుంది ఫోను.

… మీ అన్నయ్యకి తెలుసు. చెప్పాను. "అమ్మా నువ్వూ కలిసి చూసుకోండి" అని బండి స్టార్ట్ చేశారు. కొబ్బరికాయల లోడుందట, అంబాజీపేట వెళ్ళారు. ఇంట్లో గొడవైనప్పుడల్లా ఆయనకి లోడొస్తుంది.

… పూర్తిగా అవ్వలేదు. ఎడంపక్క కోసేశాడు. కుడిపక్క ఆగింది. … ఎందుకంటే కుడిపక్కన గడప మీద మీ అమ్మగారు కూర్చున్నారు. … నిజంగానే. ఇదిగో, నా ఎదురుగా, కాళ్ళు చాపుకుని. నేను కాపరానికొచ్చిన వారంలో గడప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, లక్ష్మి వెళ్ళిపోతుందని రెక్క పట్టుకుని లేపారావిడ. ఇరవై రెండేళ్ళయింది, ఆ తర్వాత ఒక్కరోజు కూర్చోలేదు నేను. ఇవాళ ఆవిడే కూర్చున్నారు. దీనికేం శాంతి చెయ్యాలో సిద్ధాంతిగారిని కనుక్కో.

… వీరబాబా? పాపం, మిషను పట్టుకుని నిలబడ్డాడు. "ఆయ్, తమరు లెగిస్తే రెండు నిమిషాల పనండీ" అంటున్నాడు. ఆవిడ కదిలితేగా.

… ఆవిడకివ్వను ఫోను. ముందు నువ్వు నాతో మాట్లాడు.

… ఏంటీ? … కాదు, ఆ చివరన్నది మళ్ళీ చెప్పు. … "వంటకి లోవలక్ష్మి ఉందిగా, రోజూ నువ్వు లోపలికెళ్ళే పనేముంది వదినా" — అంతేనా? … నోరు జారలేదు భాస్కర్. మనసులో ఉన్నదే వచ్చింది.

… ఇన్నాళ్ళూ ఆలోచిస్తున్నాను. అంగుళం అంగుళం కొలిచినవాడు, ఈ గడప దగ్గర ఎలా పొరబడ్డాడా అని. నువ్వు పొరబడలేదు. నేను లోపలికి వెళ్తానని నువ్వు అనుకోనేలేదు. గట్టు కింద నా మోకాళ్ళకి చోటు వదిలింది వీడియోలో ఒక్కసారి కూర్చోబెట్టి చూపించడానికి. … మాట్లాడకు. నాకు చాలా కోపంగా ఉంది. ఏడుపూ వస్తోంది, పరాయి మనిషి ఎదురుగా ఉన్నాడని ఆపుకుంటున్నాను.

… ఒకటి చెప్తాను, కారు నడుపుతుంటే పక్కకాపు. … ఆపావా?

… అత్తయ్యగారూ, మీరలా చూడకండి. చెప్పేస్తున్నాను. … కొడుకులిద్దరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారావిడ. ఆ ఒట్టు తీసి గట్టుమీద పెట్టేశాను.

మొన్న గురువారం మధ్యాహ్నం. లోవలక్ష్మి పని చేసుకుని వెళ్ళిపోయింది. మీ అమ్మగారు షుగరు మాత్ర వేసుకున్నారు, అన్నం తినలేదు. మజ్జిగ తీసుకుంటానని లోపలికెళ్ళి ఫ్రిజ్ ముందు కూలబడిపోయారు. … ఆ, నీ ర్యాంపు అర ముందే, ర్యాంపు అందులోనే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నారు, మాట లేదు, ఒళ్ళంతా చెమట. నేనిక్కడున్నాను, ఇదిగో ఇప్పుడున్నచోటే. పంచదార డబ్బా గట్టు మీద నాకు కనపడుతోంది. నా చేతికందాలని నువ్వు దింపించిన గట్టు మీద.

… చేశాను. మీ అన్నయ్య ఎత్తలేదు. ఎదురింటి సూర్యకళ ఎత్తలేదు. కుర్చీతో గడపని మూడుసార్లు గుద్దాను. ముందు చక్రం లేస్తేగా!

… ఏం చేస్తాను, కిందకి దిగాను. … ఎలా దిగుతాను, పడ్డాను. పడి, చేతుల మీద పాక్కుంటూ గడప దాటాను. … ఆ. నేనే. … తీరా వెళ్తే ఆ గట్టు అందలేదు. కుర్చీలో కూర్చున్నదానికి కట్టావు, నేలమీద పడ్డదానికి అది ఆమడెత్తు. కింద సొరుగు లాగితే బెల్లం దొరికింది. చిదిపి కొంచెం కొంచెంగా నోట్లో పెట్టాను, మెల్లిగా మింగారు. సూర్యకళ నా మిస్డ్ కాల్ చూసుకుని వచ్చేదాకా ఇద్దరం అక్కడే పడున్నాం. నీ సీలింగు లైట్లు అప్పుడే మొదటిసారి తీరిగ్గా చూశాను. బాగున్నాయి.

… ఊరుకో. ఊరుకో భాస్కర్, రోడ్డు మీద ఏడుస్తారా.

… లేదు, పాకిన సంగతి ఇప్పటిదాకా ఆవిడకీ తెలీదు. ఆవిడకి తెలివొచ్చేసరికి సూర్యకళ నన్ను కుర్చీలో కూర్చోబెట్టేసింది. బెల్లం సూర్యకళే పెట్టిందనుకుంటున్నారు. తను గడపకి రోజూ పసుపు రాస్తున్నారు కాబట్టే ఆ అన్నపూర్ణ తల్లి వేళకి సూర్యకళని పంపించిందని పేరంటంలో కూడా చెప్పారు. నేను మాట్లాడలేదు. … ఎందుకంటే, నేలమీద పాకానని చెప్పుకోడానికి సిగ్గేసింది. ఈ ఇంటి కోడల్ని నేను.

… ఉండు, ఏదో అడుగుతున్నారు. … ఏంటండీ? … సూర్యకళ కాదండి. నేనే. … అవునండి, గడప మీంచే. … ఇదిగోండి, మోచేతులు. ఇంకా మానలేదు, అందుకే పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంటున్నాను. … చెప్పలేదండి. ఎలా చెప్పను అత్తయ్యగారూ, మీరు గడపకి దణ్ణం పెట్టుకుంటున్నారు అప్పుడు.

…

… ఉన్నాను. లైన్లోనే ఉన్నాను. … అత్తయ్యగారా? నా మోచెయ్యి పట్టుకుని చూస్తున్నారు.

… లేచారు.

… వీరబాబుకేసి చూసి "కొయ్యి" అన్నారు. … అంతే.

… వినపడుతోందా? … ఆ, మిషనే. గట్టిగా మాట్లాడు. … ద్వారబంధానికేం కాదట, కింద ముక్కే తీస్తున్నాడు. … ఇదిగో వచ్చేసింది, ఇవతల పడేశాడు. ఇంత చిన్నదా ఇది! … గుంట లేకుండా ప్లైవుడ్డు ముక్క సర్దుతున్నాడు, సిమెంటు తర్వాత వేస్తాడు.

… మీ అమ్మగారు పసుపు గిన్నె తెచ్చారు. గడప ఉన్నచోట నేలమీదే పసుపు రాసి బొట్టు పెడతారట. … అడిగాను, చక్రాలు తొక్కితే చెరిగిపోతుందండీ అని. చెరిగితే మళ్ళీ రాస్తానన్నారు.

… హారనా? ఆ, మన వాకిట్లోనే. వచ్చేశారు నీ వీడియోవాళ్ళు. … ఎందుకు వెనక్కి పంపడం? తియ్యనీ. రంపపు పొట్టుంటే ఉంటుంది, ద్వారబంధం కింద గరుగ్గా ఉంటే ఉంటుంది. ముందు దాన్నే తియ్యమంటాను. … నీ పేరు చెప్తాను, భయపడకు. గడప సంగతీ చెప్తాను.

… ఒక్క నిమిషం. … ఏంటండత్తయ్యగారూ? … వచ్చినవాళ్ళకి కాఫీయా? లోవలక్ష్మి ఇంకా రాలేదుగా… … నన్నాండీ? … నన్నే పెట్టమంటారా? … మీకూనా? … అలాగేనండి.

… భాస్కర్, తర్వాత మాట్లాడతాను. … ఏం లేదు, ఏడవట్లేదు. లోపలికెళ్ళాలి, చక్రాలు తొయ్యడానికి రెండు చేతులూ కావాలి. ఫోన్ పెట్టేస్తున్నాను.