మందుకు లొంగని కణాల వెంట ఫూల్‌సింగ్ గారు

1991 నవంబరు 18వ తేదీన మిర్యాలగూడ కళాశాలలో రసాయనశాస్త్ర అధ్యాపకులుగా చేరిన డాక్టర్ బాణోతు ఫూల్‌సింగ్ గారు ఈ నెలాఖరున సూర్యాపేటలోని మన కళాశాల నుండి పదవీ విరమణ చేస్తున్నారు. పాలకీడు దగ్గరి తండాలో జన్మించి, కూలి పనులు చేసి చదివించిన అక్క చాందీ గారి అండతో డాక్టరేటు పట్టా అందుకున్న వారిని అభినందించే అవకాశం, జంతుశాస్త్ర విభాగంలో సహోద్యోగినైన నాకు దక్కడం అదృష్టం. అయితే ఈ సంతోషంలో ఒక వెలితి ఉంది. దాన్ని దాచి రాస్తే వారే మెచ్చరు.

మిర్యాలగూడలో ఉత్తమ బోధకులుగా పేరు తెచ్చుకున్న ఫూల్‌సింగ్ గారు, 2003లో కోదాడకు బదిలీ అయ్యాక పరిశోధన వైపు మళ్లారు. పెద్దపేగు క్యాన్సర్ కణాలు కొన్ని మందుకు అలవాటుపడి, లోపలికి వచ్చిన మందును వచ్చినట్టే బయటకు నెట్టేస్తాయి. ఆ నెట్టివేతను అడ్డుకునే రసాయన సమ్మేళనాన్ని కనుగొని, పాత మందుకే తిరిగి బలం చేకూర్చాలన్నది వారి సంకల్పం. సూర్యాపేటకు వచ్చాక మన ప్రయోగశాలలో సెలవు రోజుల్లో సైతం శ్రమించి, తయారుచేసిన సమ్మేళనాలను హైదరాబాదుకు పరీక్షకు పంపేవారు. ఒకదాని తర్వాత ఒకటి విఫలమవుతూ రాగా, 2017లో ఒక లేత పసుపు రంగు పొడి ఫలించింది. దాన్ని మందుతో కలిపి వేస్తే, అంతవరకు చావని కణాలు చచ్చాయి. ఆనాడు సిబ్బంది గదిలో బాలుషాహీ మిఠాయిలు పంచిన వారి ముఖం నాకింకా గుర్తుంది.

విధి వైపరీత్యమేమో, అప్పటికే చాందీ గారికి అదే జబ్బు. ఒకసారి తగ్గి తిరగబెట్టాక ఏ మందూ పనిచేయడం లేదు. ఒక మధ్యాహ్నం ఆమె దవాఖాన నుండి నేరుగా ప్రయోగశాలకు వచ్చారు. నేనక్కడే ఉన్నాను. నాకూ అర్థం కావాలనేమో, తమ్ముడితో లంబాడీలో కాక తెలుగులోనే మాట్లాడారు.

“తమ్మీ, నువ్వు జేసిన మందు మంచిగ పనిజేసిందంట గద. జర నాకియ్యరాదు?”

“అది ఇంకా మందు కాలేదక్కా. గాజు పళ్లెంల కణాలు సచ్చినయ్, గంతే. మనిషికి ఏమైతదో నాకు తెల్వది.”

“నాకేమైతదో నాకెరుకే. నువ్విస్తె తాగుత. నిన్నెవ్వరు ఏమనరు.”

“అనరక్కా. గని నా చేతులతోని ఇచ్చినంక నీకేమన్న అయితే నేను బతకలేను.”

ఆమె నా వైపు తిరిగారు. “మేడం, మీరన్న చెప్పుండ్రి.”

నేను ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాను. అవి తాగి ఆమే లేచి, “సరే తియ్యి. అన్నం తిన్నవా?” అని తమ్ముడిని అడిగి, మెల్లగా వెళ్లిపోయారు. మరుసటి వేసవిలో కన్నుమూశారు.

ఆ తర్వాత ఎలుకలపై జరిగిన పరీక్షలో ఆ పొడి కాలేయాన్ని దెబ్బతీస్తుందని తేలింది. “మీరు ఇవ్వకపోవడమే మంచిదైంది సార్” అని ఓదార్చబోయాను.

“మంచిదే మేడం. గని నా చదువు కోసం అన్నీ ఇచ్చిన అక్క నన్ను అడిగింది అదొక్కటే. అది నేనియ్యలేదు” అన్నారు.

అయినా వారు చేతులు ముడుచుకోలేదు. కాలేయానికి హాని తగ్గించాలని ఆ సమ్మేళనం నిర్మాణాన్ని ఏళ్ల తరబడి మారుస్తూ వచ్చారు. కొత్త రూపం కణాల పరీక్షలో నెగ్గింది. ఇప్పుడు ఎలుకలపై పరీక్ష సాగుతోంది. ఫలితం వచ్చేనాటికి వారు ఈ కళాశాలలో ఉండరు. వారి స్థానంలో ఆ పనిని కొనసాగించేవారు ఇంతవరకు రాలేదు. ప్రయోగశాలకు తాళం పడుతుందన్న దిగులు మా అందరిలో ఉంది. విద్యార్థులైతే పైకే అంటున్నారు.

ఫూల్‌సింగ్ గారూ, మీ శ్రీమతి సుధ గారి సాహచర్యంలో వేళకు భోజనం, కంటినిండా నిద్ర ఇకనైనా మీకు దక్కాలి. రాబోయే ఫలితం ఎటువంటిదైనా దాన్ని నిబ్బరంగా విని, తప్పైతే ఎక్కడ తప్పిందో, ఒప్పైతే ఇక ఏం చేయాలో మాకు ఫోనులో గంటల తరబడి చెప్పేంత ఆరోగ్యంతో, ఓపికతో, మీరు ఇంకా చాలా, చాలా ఏళ్లు ఉండాలి.