ఎర్ర కోట్ల మేళానికి పేరొచ్చిన పొద్దు

"అవ్వా, కాలేజీలో మేం ఆరుగురం పాటల గ్రూపు పెట్టుకుంటాండాం. పేరే కుదరల్యా. తాత బ్యాండుకు పేరెట్ల పెట్టినారో సెప్పవా?"

పేరా? అయ్యో, ఆ ముచ్చట యాటికి తీస్తివి మే! తలుసుకుంటే ఇప్పటికీ గుండె దడదడ అంటాది. సూడు, సెయ్యి పెట్టి సూడు.

మీ తాత నర్సప్ప క్లారినెట్టు ఊదుతాండె. ఎమ్మిగనూర్లో మగ్గాల వీధి ఎనకాల ఉంటిమి. దినాం కూలి, పెండ్లిళ్లొస్తే మేళం. ఆరు మంది. పేరు ల్యా, ఏం ల్యా. "ఓ ఊదేటోళ్లూ, రాండ్రా" అని పిలుస్తాండ్రి. ఆదోని మేళాలోళ్లకు టోపీలు, కోట్లు, డోలు మింద రంగుల అచ్చరాలు. వాళ్లనైతే "రాండప్పా, కూర్సోండి" అంటాండ్రి. మీ తాతకు అది ముల్లు మాదిరి గుచ్చుకునె. "సుంకీ, మనం ఊరి బయటుండంగానే ఫలానా మేళం వస్తాందని జనాలకు తెలియాల" అనె.

ఆదోని బజార్లో పాత మిలిట్రీ కోట్లు అమ్ముతాండ్రి, యుద్ధం అయిపోయినాక మిగిలినవి. ఒక్కోటి రెండు రూపాయలు... కాదు కాదు, రెండు యాడిది, రూపాయిం పావలానో ఏమో. ఆరు తెచ్చె. అన్నీ మట్టి రంగు. "ఇవేసుకొని పోతే పోలీసులొచ్చినారని ఊర్లో వాళ్లు పరిగెత్తుతారు" అని నేనే అంటి. ఎర్ర రంగు ఏద్దామనుకుంటిమి. నూలుకు రంగులేసే కాడికి నేను కూలికి పోతాంటి గదా, "నేనేస్తా" అంటి. మా అక్క ఓబులమ్మ వద్దనె. ఆయమ్మ అన్నిటికీ వద్దనేదే, నా పెండ్లికి కూడా వద్దనె. ఆ మాట యినకుండ నేనే ఏసినా.

బోర్డులు రాసే సాయిబు డోలు మింద "గానమోహన బ్యాండు, ఎమ్మిగనూరు" అని రాసిచ్చె. మీ తాత దాన్ని పసిబిడ్డను తెచ్చినట్ల ఎత్తుకొని తెచ్చె. నాకు సదువు రాదు గదా, ఒక్కో అచ్చరం మింద నా ఏలు పట్టుకొని తిప్పి సెప్పె.

మొదటి పెండ్లి నందవరం దిక్కు ఒక ఊర్లో. తెల్లారి ఎర్ర కోట్లేసుకొని ఆరు మందీ పోతాంటే వీధంతా బయటికొచ్చి సూసె. ఆ ఏడు ముంగారు తొలకరి వాన ఇంగా పడల్యా. మబ్బు తునక గూడ ల్యా, నిజం.

మధ్యాన్నం దాటినాక ఏమాయనో, గాలి లేసి, ఉరుములు ఉరిమి, కుండపోత, పొద్దుగూకే దాకా ఇడవల్యా. నేను కుండలు ఎత్తి పట్టుకొని సూరు కింద నీళ్లు పడతాంటి. ఎదురింటి దేవమ్మ వీధి మొగదాల నుంచి ఒకటే కేక. "సుంకీ! నీ మొగుణ్ని నరికినారే!"

కుండలు యాడ పడినాయో తెల్దు. పరిగెత్తినా. మీ తాత వస్తాండాడు. తలగుడ్డ ల్యా. మెడ కాడ్నుంచి కాళ్ల దాకా ఎరుపు, నడిసిన సోటంతా ఎర్రనీళ్లు. ఎనకాల ఐదు మందీ అట్లే. మెడ తడిమినా, కడుపు తడిమినా, గాయం యాడుందో దొరకల్యా. నా రెండు సేతులూ ఎర్రగైపాయ.

నా సేతులు పట్టుకొని, మెల్లగా అనె. "నాకేం కాల్యా. రంగు ఇది. నీ రంగు."

ఎదురుకోలు కాడ మెరవణి నడుస్తాంటే వాన పట్టుకునెనంట. కోట్ల నుంచి ఎరుపు కారి, పెండ్లికొడుకు తెల్ల పంచె ఎర్రగైపాయనంట. పిల్లోళ్లు ఏడుపు, ఆడోళ్లు "రగతం, రగతం" అని కేకలు. డోలు మింద ఎర్రనీళ్లు కారి ఒక్క అచ్చరం కనపడల్యా. పెండ్లికొడుకు నాయన "ముందు ఈడ్నుంచి పొండి" అనె. అన్నం గూడ తినకుండ వచ్చినారు.

రంగు అంగడోడు మోసం సేసినాడని మీ తాత తిట్టుకునె. ఎవురికీ సెప్పని మాట నీకు సెప్తాండా. ఉప్పేసి బాగా ఉడకబెట్టాల మే. కట్టెలు సాలల్యా. ఇంత సాలులే అని దించేసినా. తప్పు నాదే.

నాలుగో దినం ఆ పెండ్లికొడుకు నాయనే మా ఇంటి ముందర నిలబడె! కొట్టనీకొచ్చినాడని తలుపు సాటుకు పోతి.

"వానమేళం ఇల్లు ఇదేనా?" అనె.

"మాది గానమోహన బ్యాండప్పా" అనె మీ తాత.

"అదేందో నాకు తెల్దు నర్సన్నా. మా ఊరంతా మిమ్మల్ని వానమేళం అంటాంది. మీరొస్తే వానొచ్చె, ఇత్తనాలు పడినాయి. మా అన్న కూతురి పెండ్లుంది, ఆ ఎర్ర కోట్లే ఏసుకొని రాండి."

"నర్సన్నా" అని మీ తాతను ఎవురు పిలిసినారు అప్పటిదాకా?

ఆ పేరు ఊరూరు పాకె. కోట్లు ఉతికి ఉతికి ఉల్లిపొట్టు రంగుకొచ్చినా అవే కావాలంటాండ్రి. మీ తాత మాత్రం "గానమోహన" అని సెప్తానే ఉండె, యినేటోడు ల్యా.

తరవాతొక కరువు ఏడాది. తుగ్గలి పక్క ఊర్లో పెండ్లి. వీళ్లు ఊదుతాంటే జనం పెండ్లికొడుకును సూడల్యా, తలెత్తి ఆకాశం సూస్తాండ్రంట. చినుకు రాల్యా. ఒక ముసలామె వచ్చి మీ తాత కోటు అంచు పట్టుకొని కండ్లకద్దుకునెనంట. "మీరొచ్చినారు గదప్పా, ఇంగ వస్తాది లే" అనెనంట.

ఇంటికొచ్చి కోటు ఇడిసి ఒళ్లో పెట్టుకొని కూర్సునె. బువ్వ పెడితే ముట్టల్యా. "ఆయమ్మ నాకు మొక్కిందే సుంకీ. నేను పాట ఊదేటోణ్ని. ఆయమ్మకు నేనేం జవాబు సెప్పాల?" అనె. మీ తాత కండ్లల్లో నీళ్లు నేను సూసింది ఆ ఒక్క పొద్దే.

కోట్లను నీలం సేపిచ్చె, ఈసారి అద్దకం తెలిసినోళ్ల కాడ. అయినా జనం వానమేళమనే పిలిసె. పిలిస్తే పలికె. ఏం సేస్తాడు?

మీరు మంచి పేరే పెట్టుకోండి తల్లీ. గొంతు సల్లగుండాల, నలుగురు పిలిసి అన్నం పెట్టాల మీకు. ఆ ముసలామె పేరన్నా అడిగింటే బాగుండు మీ తాత... ఏ ఊరో ఏమో, పాపం...