నాలుగు గంటల ఫోను

దబీర్‌పురాలోని కొట్టంలో బర్రెల యజమాని పేపరును చుట్ట చుట్టి విలేకరి ముఖం ముందు ఊపాడు.

“పాలల్ల నీళ్లు కలుపుతున్ననని రాసినవ్. పొద్దుగాల ముప్పై ఇండ్లోళ్లు పాలు వద్దన్నరు. రాసేముందు నన్నడిగినవా?”

“మూడుసార్లు ఫోన్ చేసిన అన్నా. ఎత్తలే. ‘స్పందించలేదు’ అని అదే రాసిన.”

“ఎన్నిగొట్టంగ చేసినవ్?”

“సాయంత్రం నాలుగింటికి.”

“నాలుగింటికి బర్రెను పిండాల్నా, నీ ఫోనెత్తాల్నా? గంత తెల్వకుండ పాల మీద వార్త ఏంది భాయ్?”

విలేకరి కొట్టమంతా ఓసారి చూశాడు. ఏడేళ్లుగా పాతబస్తీ వార్తలు రాస్తున్నాడు. ఈ కొట్టంలోకి రావడం ఇదే మొదటిసారి.

“రేపు నాలుగింటికొస్త. నా ముంగట పిండు. చూసిందే రాస్త.”

“ఒక్కరోజొస్తె ఏం చూస్తవ్? కొత్తోళ్లుంటె నా బర్రె పాలు చేపదు. వారం దినాలు రోజూ రా. అది నీ ముంగట పాలిచ్చినంక నేను మాట్లాడుత.”