ఎముకలోళ్ల సైన్యం

చర్చి ఊడ్చాలి, గుమ్మానికి అరటి చెట్లు కట్టాలి, కానుకకొచ్చిన కోళ్ల కాళ్లకు తాళ్లు వేయాలి. డుంబ్రిగుడలో కోత పండగ రేపే. ఆరాధన అయ్యాక కానుకలన్నీ వేలంపాటలో అమ్ముతారు. బదిలీ మీద వెళ్తున్న ఒక టీచరుగారు, బల్ల మీద యుద్ధమాడుకునే రంగులు వేయని బొమ్మల సైన్యాలు రెండు, విలుకాళ్లదొకటి, అస్థిపంజరాలదొకటి, కానుకిచ్చారు. చర్చి ఊడుస్తున్న అక్కాతమ్ముళ్లిద్దరి దగ్గరున్న డబ్బుకు వస్తే ఒక్కటే వస్తుంది.

"ఏటి పాడదాం, అక్కా?"

"విల్లంబులోళ్లని. అందంగున్నారు."

"అందానికి అందరూ పాడతారు, మనకి దక్కరు. ఎముకలోళ్లనైతే ఎవుడూ పాడడు."

"అస్థిపంజరాల్ని ఇంటికి తెత్తే అమ్మ ఆటితోపాటు నిన్నూ గెంటేత్తాది."

"బైబిల్లో ఎండిన ఎముకలు లేచి సైన్యమయ్యాయని పాస్టరుగారు సెప్తే అమ్మ ఏడ్సింది కదా?"

"ఆటిని దేవుడు లేపాడ్రా."

"ఈటిని మనం లేపుదాం, రంగులేసి."

"ఆటలో సచ్చినా మళ్లీ లేత్తారా?"

"లేత్తారు. అదే ఆళ్ల బలం."

"అయితే ఆళ్లనే పాడదాం. అమ్మకి నాను సెప్తాను, నువ్వు నోరు మూసుకో."

కానుకల్ని ఒక్కొక్కటే రెండు చేతులా ఎత్తి చూపి పాట పెట్టేది సంఘపెద్ద నతానియేలు తాతగారు. దెయ్యాలంటే ఆయనకు మహా భయం. రేపు ఆయనను మీ ప్రార్థనలో గుర్తుంచుకోండి.