రెండో ఆట ఇంకా ఉంది

హలో… ఆఁ, నేనేనమ్మా నిస్సీ, నానమ్మనే. ఇంకెవరెత్తుతారు ఈ వేళప్పుడు. మీ అమ్మకి ఆసుపత్రిలో డ్యూటీ. మీ నాన్న సల్మాబాద్ గ్యారేజీ నుంచి ఇంకా రాలేదు. ఈ అరబ్బుదేశంలో, ఈ రిఫా ఇంట్లో నేనూ, ఈ ఏసీ మోతా.

…

లేదు లేదు, పడుకోలేదు. నీ ఫుట్‌బాల్ ఆట ఉన్న రోజు నాకు నిద్దరెక్కడిది.

తిన్నావా… అన్నం కాదా. మళ్ళీ ఆ లావు సేమ్యాలేనా… పాస్తా, అదే. ఆటకి ముందు అదే పెడతారా… సరే. కడుపు నిండిందా లేదా, అది చెప్పు.

చలిగా ఉందా అక్కడ… జర్మనీ కదా, ఉండదూ మరి. మీ జట్టుండే పోర్చుగల్ అయితే కాస్త నయమన్నావు. చెవులకి ఏదైనా కట్టుకో… ఆడేటప్పుడు కాదే, బస్సులో.

ఇక్కడా? ఐదు కావస్తోంది. ఆట మాకు ఏడూ నలభై ఐదుకి. కాగితం మీద రాసి టీవీకి అంటించాను… అవునే, తెలుగులోనే రాశాను, ఇంకే భాషలో రాస్తాను.

ఏంటి, గొంతలా ఉంది… నాకు తెలీదా నీ గొంతు. జలుబు గొంతు వేరు, ఇది వేరు.

ఫోటోనా. ఏ ఫోటో…

…

ఓహో. మన చర్చి ఫెలోషిప్ గ్రూపులో పెట్టారా. ఎవరు పెట్టారమ్మా, పనిలేక.

నా మీద ఆ శాలువానా… అది… నీ పేరు మీదే కప్పారే. నువ్వు గెలిచావని. మొన్న శుక్రవారం కృతజ్ఞతా కూడిక పెట్టారు కదా… నీకు చెప్పలేదా? అయితే విను, నవ్వుకుంటావు.

పోయిన బుధవారం మీరు రెండొకటితో గెలిచారా. గురువారం పొద్దున్నే సుందర్‌రాజు అంకుల్ అందరికీ ఫోన్లు చేసేశాడు. మన నిస్సీ వాళ్ళ జట్టు సెమీఫైనల్‌కి వెళ్ళిపోయింది, యూరప్ మొత్తం మీద నాలుగు జట్లే మిగులుతాయి, అందులో మన బిడ్డ ఉంది అని. ఇంకేముంది. రెండు డేక్సాల బిర్యానీ. కేకు. పాస్టర్ నతానియేలుగారు గంటసేపు స్తుతి. నేను లేచి సాక్ష్యం కూడా చెప్పాను. కేకు కోసి, ముక్కలు అందరి చేతుల్లో పెట్టాక, అప్పుడొచ్చాడు మీ నాన్న డ్యూటీ దిగి. దేనికండీ కేకు అన్నాడు. చెప్పారు. అయ్యో, ఇంకా రెండో ఆట ఉందండీ, వాళ్ళ గ్రౌండులో, రెండాటల గోల్సూ కలిపితే గానీ తేలదండీ అన్నాడు.

…

ఆఁ, అందరూ ముక్కలు నోటి దాకా తెచ్చి ఆగిపోయారు. అయితే ఇప్పుడు చేసిన స్తుతి ఏమైనట్టు అని సుందర్‌రాజు దిగులు. పాస్టరుగారేమో, దేవుడికి అడ్వాన్సు ఇచ్చామనుకోండి, తినండి తినండి అన్నారు.

అమ్మయ్య, నవ్వావు. అదీ, అలా ఉండాలి. ఇంక ఫోన్ పెట్టేసి కాళ్ళు చాపుకుని పడుకో కాసేపు.

…

వెనకాలా? నా వెనకాల ఏముంటుంది, గోడ.

బ్యానరా. ఏదో ఉంటుందిలే, దేవుని వాక్యం…

…

చదివావా.

…

వీ… డ్కో… లు. ఆఁ. సరిగ్గానే చదివావు.

నీకెందుకు నేర్పానే అక్షరాలు. మీ నాన్న చెప్తూనే ఉన్నాడు, దీనికెందుకమ్మా తెలుగు, ఇక్కడ పుట్టింది, ఇంగ్లీషు చాలు అని. నలభై ఏళ్ళొచ్చాక పాటల పుస్తకం ముందేసుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కున్నదాన్ని, నా మనవరాలికి రాకపోతే ఎలా అని కూర్చోబెట్టి మరీ దిద్దించాను. ఇప్పుడు అవే నన్ను పట్టించాయి.

…

అవును. నాకే. ఎలాగూ అందరూ వచ్చారు, బిర్యానీ ఉంది, కేకు ఉంది, మళ్ళీ ఇంకో శుక్రవారం దొరకదు కదా అని అదీ ఇదీ కలిపి చేసేశారు.

శనివారం… ఈ శనివారమే.

…

నిస్సీ. ముందు నాన్నని తిట్టడం ఆపు. వాడు చెప్పొద్దన్నది నీ కోసమే. ఆట చెడుతుందని.

ఎందుకంటే… వాడు కంపెనీ మారాడు కదా. కొత్త కంపెనీ వాళ్ళు భార్యకీ పిల్లలకీ కాగితం ఇస్తారట, తల్లికి ఇవ్వరట. నా వీసా ఖలాస్. తేదీ వేసి ఇచ్చారు. మీ నాన్న ఎన్ని ఆఫీసులు తిరిగాడో, ఎంతమందిని బతిమాలాడో. నేను ఇంటి కిటికీలోంచి చూస్తూ కూర్చునేదాన్ని. కారు ఆపాక వాడు దిగే తీరులోనే తెలిసిపోయేది, కాలేదని.

ఎక్కడికంటే… పాలకొల్లు. మా చెల్లెలింటికి. గది ఇస్తానంది.

…

ఆఁ. విజిట్ వీసా మీద మళ్ళీ రావచ్చు. మీ నాన్నా అదే అన్నాడు… ఆఁ, జూన్‌లో నువ్వు రావచ్చు. వస్తావు… నాకు తెలుసు వస్తావని.

లేదు, అలిగి కాదు.

నిస్సీ, నాకు నెలల పేర్లు చెప్పకమ్మా. నా చేత చాలామంది చెప్పించుకున్నారు, నాకు చాలామంది చెప్పారు. మీ నాన్నకి నాలుగేళ్ళప్పుడు నేను కువైట్ వెళ్ళాను. వెళ్ళే రోజు లేచి పైట పట్టుకున్నాడు. సంతకెళ్ళి జీళ్ళు తెస్తాను నాన్నా అన్నాను. వదిలేశాడు. ఆరేళ్ళకి తిరిగొస్తే, నా వంక చూసి, మా అమ్మ ఇంట్లో లేదండి అన్నాడు. నాతోనే.

…

మా అమ్మ పోయిన సంగతి నాకు మూడు నెలలకి తెలిసింది. మీ తాతయ్యకి వచ్చే క్రిస్మస్‌కి వస్తానని రాశాను, ఆ ఉత్తరం ఆయన చూడనే లేదు. అందుకని. మొహం చూసి వెళ్ళడం తప్ప నాకు ఇంకేదీ వెళ్ళినట్టు ఉండదు. నీ మొహం చూసి ఎనిమిది నెలలు… ఫోన్‌లో చూడ్డం చూడ్డమేనా. నుదురు కనిపిస్తే గడ్డం కనపడదు.

…

ఇంకోటి ఉంది. చెప్పకపోతే నేను ఊపిరాడక చచ్చేలా ఉన్నాను.

లేదు, ఒంట్లో బాగానే ఉంది. ఒంటి సంగతి కాదు.

నువ్వే అన్నావు మొదటి ఆటకి ముందు ఆదివారం, గుర్తుందా. గెలిస్తే ట్రైనింగని కదలనివ్వరు నానమ్మా, ఓడిపోతే మాత్రం పది రోజులు సెలవు అని. నువ్వు ఊరికే అన్నావు. ఇంకో ఆట ఉందనగానే నేను లెక్కేసుకున్నాను. ఈ బుధవారం ఓడిపోతే గురువారం విమానం. శుక్రవారానికి నా దగ్గర. ఒక రోజుంటావు. తలకి నూనె రాస్తాను. నాతోపాటు విమానాశ్రయానికి వస్తావు.

…

విను. మధ్యలో ఆపకు, ఆపితే మళ్ళీ చెప్పలేను. ఆ శుక్రవారం, రెండో ఆట ఉందని తెలిశాక, పాస్టరుగారు నన్నే లేపారు. రూతమ్మగారూ, బిడ్డ గెలుపు కోసం మీరే ప్రార్థన చెయ్యండి అని. లేచాను. పైకి గెలిపించు ప్రభువా అన్నాను. లోపలేమో, దాన్ని ఓడించు, ఓడించి నా దగ్గరికి పంపు అన్నాను. యాభై మంది ఆమేన్ అన్నారు. దేనికన్నారో వాళ్ళకి తెలీదు.

…

అప్పట్నుంచి ముద్ద దిగడంలేదు. మీ కెప్టెన్ అమ్మాయికి చీలమండ బెణికిందని మీ నాన్న ఫోన్‌లో చదివి చెప్తే, నా వల్లే అనుకున్నాను. ఎవరి కన్నబిడ్డో పాపం.

నిస్సీ… ఉన్నావా.

ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా, ఏదో ఒకటి తేల్చు… రెండూనా.

…

ఏంటి. మళ్ళీ అను.

ఆడవా?

కడుపునొప్పని చెప్తావా. చెప్పి? ఈ రాత్రికే బయల్దేరి… నీకేమైనా మతిపోయిందా. ఆ ఎడం పక్క ఎవరు కాస్తారు నువ్వు లేకపోతే.

…

ఆడతావు. ఆడి… అవతలి జట్టు అమ్మాయి నీ పక్కనుంచి దూసుకుపోతుంటే వదిలేస్తావా. ఒక్కసారి కాలు జారినట్టు చేస్తే చాలా. ఎవరికీ తెలీదా.

ఒసేయ్, నిస్సీ.

నేను దేవుణ్ణి అడిగాను. నిన్ను అడగలేదు.

…

ఎందుకు వద్దా. ఎందుకు వద్దో చెప్తాను. ఈ బిల్డింగు కింద పార్కింగులో, మే నెల ఎండలో, నేను కుర్చీ వేసుకుని నీళ్ళ సీసా పట్టుకు కూర్చునేదాన్ని. వాచ్‌మన్ కరీం భాయ్, కార్ల అద్దాలు పోతాయని అరిచేవాడు. ఆడపిల్ల మోకాళ్ళకి ఆ దెబ్బలేంటి, రేపెవరు చేసుకుంటారని మనవాళ్ళే ఎన్ని మాటలన్నారు. ఒక్కటైనా నీ దాకా రానిచ్చానా… మరి అవన్నీ నువ్వు కాలు జారినట్టు చెయ్యడానికా.

…

టికెట్లు చూస్తున్నావా? ఆ టకటక ఏంటి… మూసెయ్యి అది.

ఎక్కడికి లేస్తున్నావు. కోచ్ గదికా… కూర్చో. చెప్పకు ఆవిడతో. నిస్సీ, కూర్చోమన్నానా.

తప్పంతా నాది. ముసలిదాన్ని, నోరు కట్టుకోలేకపోయాను. మర్చిపో. నేనసలు ఏమీ చెప్పలేదనుకో… అలా ఎలా అంటే… నువ్వలా ఏడిస్తే నేనిక్కడ ఏం చెయ్యను, ఎటు పోను చెప్పు. నాలుగు గోడలు ఉన్నాయి. ఇటు వెళ్తే వంటిల్లు, అటు వెళ్తే కిటికీ.

…

ఆగు. తలుపు చప్పుడైంది. మీ నాన్న వచ్చినట్టున్నాడు.

ఆగవే, ఏదో అంటున్నాడు. ఏంటిరా ఏబెల్… ఏ కాగితం… ఎవరిచ్చారు… ఒరేయ్, నిజంగానా?

నిస్సీ. నిస్సీ, విను. మీ నాన్న వీసా ఆఫీసు నుంచే వస్తున్నాడట. గడువిచ్చారట నాకు. నెలన్నర.

…

నెలన్నరే. ముద్ర వేసి ఇచ్చారట. శనివారం టికెట్ మార్చేస్తాడట… నేనూ నమ్మలేకపోతున్నాను. ఇదిగో, కుర్చీ లాక్కుని కూర్చుంటున్నాను.

నాన్నకా? ఇస్తాను, ఉండు… చేతులన్నీ గ్రీజే, సబ్బుతో కడుక్కుంటున్నాడు. తర్వాత మాట్లాడుదువుగాని.

అబద్ధం ఎందుకు చెప్తానే… శాలువా సంగతి వేరు. అది మీ నాన్న చెప్పమన్న అబద్ధం.

…

ఆఁ. ఇప్పుడు పద. బస్సు వచ్చిందా… పిలుస్తున్నారా. బూట్ల తాళ్ళకి రెండు ముళ్ళు వెయ్యి. కళ్ళు కడుక్కో, ఆ జర్మనీ పిల్లలు చూస్తే భయపడ్డావనుకుంటారు.

గెలువు… గెలవమనే అంటున్నాను. పైకీ లోపలా రెండూ ఇప్పుడు అదే. ఆ అమ్మాయిని ఒక్క అడుగు కూడా దాటనివ్వకు.

ఉంటాను. ఎక్కడికి పోతాను, ఇక్కడే ఉంటాను… నువ్వు ముందు పెట్టు… సరే, నేనే పెడతాను.

…

పెట్టేశాను.

ఏంటిరా అలా చూస్తావు. బూట్లు విప్పు.

అవును, విన్నావు కదా. గడువూ లేదు, ముద్రా లేదు. నువ్వు నోరు తెరవకముందే నీ చేత అంతా చెప్పించేశాను. ఏం చెయ్యమంటావు, ఆడనని లేచిపోతోంది అక్కడ.

నువ్వేం మాట్లాడకు. శనివారం దాకా దానికి వీడియో కాల్ చెయ్యకు, నీ మొహం చూస్తే కనిపెట్టేస్తుంది. ఆసుపత్రి నుంచి రాగానే నీ పెళ్ళాం కృపకీ చెప్పు.

ఎన్నింటికి బయల్దేరాలన్నావు ఆ రోజు… పొద్దున్న నాలుగింటికా. సరే.

ఇదిగో, ఈ ఫోను పట్టుకెళ్ళు. అక్కడ కాదు, పైన పెట్టు. ఆ బీరువా మీద. నా చేతికి అందకూడదు.