మిఖాయేలు పండగనాటి గోధుమలు

గోధుమలు ఇంకా మెత్తబడలేదు, కలుపుతూ ఉండు పిల్లా. ఏమంటున్నావ్? మీ పుట్టింట్లో మిఖాయేలు పండగకి గోధుమలు ఉడికించరా? ఎవరింట్లోనూ ఉడికించరులే. ఇంటికో పునీతుడి పండగ; మిగతా పునీతులంతా పోయినవాళ్ళు కాబట్టి వాళ్ళ పేరున గోధుమలు పెడతాం. మిఖాయేలు దేవదూత, ఆయనకి చావేంటి? ఈ వింత నీ అత్తారింట్లోనే. నీ మొగుడి తాత వుకోమాన్ తెచ్చిపెట్టాడు.

యుద్ధం అయిన ఏడు, ఆకులు రాలేప్పుడు వచ్చాడు. వాళ్ళమ్మ పెలాగియాకి కళ్ళల్లో పొరలు. కొడుకు కోటు వేసుకుని గేటు దగ్గర ఒకడు నిలబడ్డాడు. "వచ్చావా నాయనా" అని మెడ కావలించుకుంది. ఏదో చెప్పడానికే వచ్చినట్టున్నాడు, అది వదిలేసి ఆవిడ వెంట నడిచాడు. లోపలికెళ్ళి సూపు తాగాడు. మేం పక్కింటివాళ్ళం, మా ఆయన చూసొచ్చి "యుద్ధం మనిషిని మార్చేస్తుందే" అన్నాడు. "ముక్కుని కూడానా?" అన్నాను. "నోర్మూసుకుని తిను" అన్నాడు. మా ఆయన అంతే, పందిపిల్లల బేరం తప్ప ఇంకో మాట ఎరగడు. ఎక్కడున్నాను? ఆఁ. అవతలి సైన్యంలోవాడని కొందరు, ఊరు తగలబడి దిక్కులేక వచ్చాడని కొందరు. చాటుగానేలే. ఆ ఇంటి పొలం దున్నే మనిషి దొరికాడు కదా.

ఆ నెలే మిఖాయేలు పండగ. పెలాగియా ఇంట్లో బల్ల చుట్టూ అందరం కూర్చున్నాం, ఫాదరు రొట్టె కోశాడు. వీడు బల్లంతా చూసి, "అమ్మా, గోధుమలేవి?" అన్నాడు. చెంచాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఈ ఇంట్లో పుట్టిన పసిపిల్లాడైనా అడగడు ఆ మాట. వాడి మొహం సున్నం కొట్టినట్టయింది. పెలాగియా మాత్రం, "తలకి దెబ్బ తగిలింది వాడికి, మర్చిపోయాడు. సారా పొయ్యండి" అంది.

మరుసటేడు పండక్కి బల్ల మీద గోధుమలు పెట్టింది. ఫాదరు రుసరుసలాడాడు. "బతికున్న దేవదూతకి ఇదేంటమ్మా, ఊరంతా నవ్వుతుంది." "పిల్లాడు అడిగాడు ఫాదర్, మీరు తినండి." ఆయన తిన్నాడు. తిండి దగ్గర ఆయనకి పట్టింపుల్లేవు. నేను గిన్నెలు తీస్తూ వంటింట్లోకి వెళ్తే, ఆవిడ నేల మీద ఇసక పళ్ళెంలో కొవ్వొత్తి గుచ్చుతోంది. చచ్చినవాళ్ళకే అలా కింద పెడతాం. నన్ను చూసి, "తలుపెయ్యి స్టామెనా, గాలొస్తోంది" అంది. వేశాను. ఏటేటా నేనే వేసేదాన్ని.

చివరి చలికాలం మంచం పట్టింది. వాడు పక్కనే కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు, నేను ఊలు చుడుతున్నాను. "మా వాడు చలికి పోయాడా?" అని అడిగింది, పాలు విరిగాయా అన్నట్టు. వాడి చేతిలో కత్తి ఆగింది. "లేదమ్మా, తూటా తగిలింది. నా ఒళ్ళోనే పోయాడు. కోటు తనే విప్పిచ్చాడు, నీకిమ్మని."

"మంచిది" అంది. కాసేపయ్యాక, "ఇంకో కట్టె వెయ్యి వుకోమాన్, కాళ్ళు చల్లబడుతున్నాయి" అంది.

అతని అసలు పేరా? మేమెవరమూ అడగలేదు, అతనూ...

అడుగంటుతోంది చూడు. అక్రోట్లు దంచావా లేదా?