ఊడితే నా చేతిలోనే

రేపు వడ్రంగి పనిలో చేరబోయే మా అమ్మాయి, ఇనుప సామాన్ల కొట్లో చవక దిగుమతి సుత్తి చేతిలోకి తీసుకుంది.

“అది వద్దే. కొడుతుంటే తల పిడి నుంచి ఊడొచ్చి నీ కంటికి తగిలితే?”

“నీకు దూదిలో కూడా మేకులే కనిపిస్తాయమ్మా. మంచిదాని ధరకి ఇలాంటివి మూడొస్తాయి.”

“కళ్ళు మూడు రావు కదే. కొలిచే టేపు చవకది కొనుక్కో, తెగితే పారేద్దాం. సుత్తి అలా కాదు.”

“నాచేత పని మానిపించాలని చూస్తున్నావా?”

“నువ్వు మానవని తెలిసే వెంటొచ్చాను. ఇలా ఇవ్వు, ఈ గడప రాయి మీద కొట్టి చూస్తా. ఊడితే నా చేతిలోనే ఊడనీ.”

“అమ్మా, షాపాయన చూస్తున్నాడు.”

“చూడనీ, ఆయనకూ తెలియాలి. ఇదిగో, నాలుగో దెబ్బకే పిడి వదులైంది.”

“సరే, మంచిదే కొంటాను. దాన్ని కూడా నువ్వే కొట్టి చూడు.”